కండరంలోని రహస్యం – యల్లాప్రగడ సుబ్బారావు

నేటి విద్యార్థి శంషాబాదులో విమానమెక్కితే మరునాటికి అమెరికాలో ఉంటాడు. 1923లో యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ నగరం చేరడానికి సముద్రాలు దాటి ఓడలో వెళ్ళవలసి వచ్చింది. ఇంటివద్ద విడిచి వెళ్ళిన భార్య శేషగిరి గారిని ఆయన మళ్ళీ చూడనేలేదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు వస్త్రం ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. మామగారి సాయంతో హార్వర్డ్ చేరి, రాత్రులు ఆసుపత్రిలో ఊడిగం చేస్తూ చదువు సాగించారు.

కండరం పనిచేసే శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టుక వల్ల కలుగుతుందని ఆనాటి పండితుల అభిప్రాయం. కండర పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. అటువంటి సమయంలో, 1927లో, ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు పిల్లి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం శ్రమించినప్పుడు అది తరిగిపోతుంది. విశ్రమించగానే మళ్ళీ పెరుగుతుంది. మరి శక్తికి మూలం ఏది? పాత సిద్ధాంతం అంత సులభంగా తల వంచలేదు.

1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ కప్పలపై అయొడోఅసిటిక్ ఆమ్లాన్ని ప్రయోగించాడు. లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టనీయని విషమది. పాత సిద్ధాంతమే నిజమైతే ఆ కండరాలు కదలకూడదు. కాని కదిలాయి! ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతసేపు ముడుచుకున్నాయి. అది అడుగంటగానే కొయ్యబారిపోయాయి. మందు తెచ్చిపెట్టిన ఆ కండరరోగం సుబ్బారావు గారి పరిశోధనకు బలమైన సాక్ష్యమయింది. పాపం, సాక్ష్యమిచ్చింది మూగజీవి.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఫోలిక్ ఆమ్లం, బోదవ్యాధికి హెట్రజాన్, పసిపిల్లల రక్తక్యాన్సరుపై ప్రయోగించిన అమినోప్టెరిన్ అక్కడి ఫలితాలే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

మూడేళ్ళ తరువాత, 1951లో, మెకార్డిల్ అనే లండను వైద్యుడు తాను పరీక్షించిన ఒక రోగి గురించి ప్రకటించాడు. శ్రమించగానే అతని కండరాలు నొప్పితో బిగుసుకుపోయేవి. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగేది కాదు. ఆ వైద్యునికి విషం ఎక్కిన కండరాలే స్ఫురించాయి.