పురుషోత్తమ చౌదరి గారు: మన సంఘముల ప్రధానగాయకుడు

కీర్తనల గ్రంథము తెరచినప్పుడు మనము మొదటి వచనమునుండి చదువుదుము గాని, దానిపైనున్న చిన్న మాటలను విడిచివేయుదుము. ఏ వాద్యముతో, ఏ రాగముమీద పాడవలెనో ప్రధానగాయకునికి అక్కడనే తెలుపబడియున్నది. దేవుని మందసమును యెరూషలేమునకు తెచ్చినప్పుడు పాట నడిపించుటకు కెనన్యా నియమింపబడెను. అతడు సంగీతమందు నేర్పరి యగుటయే దానికి కారణము (1 దినవృత్తాంతములు 15:22). మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కూడ పాటల పైభాగమున రాగము, తాళము అచ్చువేయబడియున్నవి. వాటిని మనకు అలవాటు చేసినవారిలో ముఖ్యులు పురుషోత్తమ చౌదరి గారు.

వీరు 1803లో, తెలుగు దేశమును ఒడియా దేశమును కలియు సీమలోని తర్లాకోటలో, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తెలుగు వీరి యింటి భాష కాదు. అట్టివారు తెలుగు సంఘములకు ఇన్ని పాటలిచ్చుట మనకు ఆశ్చర్యమే. తెలుగులో అచ్చయిన క్రైస్తవ పత్రికలు వీరి చేతికి వచ్చెను. వాటిని చదివి, తమలో తాము వాదించుకొని, కడకు 1833లో కటకములో బాప్తిస్మము పొందిరి. నేడు ఈ మాట ఒక్క వాక్యములో చెప్పివేయుచున్నాము గాని, ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుటయనగా అన్నదమ్ములు, బంధువులు, పంక్తిభోజనము, సమస్తమును పోగొట్టుకొనుటయే. భార్యయైన రాధామణి గారును తరువాత ప్రభువును నమ్మి ఆయన సేవలో తోడుగా నిలిచిరి.

పిమ్మట వీరు లండన్ మిషను వారితో కలిసి విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో దీర్ఘకాలము సువార్తసేవ చేసిరి. వీరు వ్రాసిన కీర్తనలు నూటికి పైగా ఉన్నవి. త్రాహిమాం క్రీస్తు నాథ అనునది వాటిలో ఒకటి. దానిని ఎరుగని సంఘము మన పల్లెలలో అరుదు.

మిషనరీలు ఇంగ్లీషు పాటలను తర్జుమా చేసి, ఇంగ్లీషు రాగములలోనే పాడించుచుండిరి. వారి శ్రమను మేము తక్కువ చేయము. అయితే ఆ రాగమునకు సరిపెట్టుటకు హ్రస్వమును లాగవలెను, దీర్ఘమును నొక్కివేయవలెను, అర్థము చెడును. చౌదరి గారు ఆ దారిన పోలేదు. పల్లవి, చరణములుగల కీర్తన పద్ధతినే చేపట్టిరి. అదే కాలమున తంజావూరు సీమలో త్యాగరాజు గారు 1847లో మరణించువరకు తెలుగులోనే కీర్తనలు పాడుచుండిరని గుర్తుచేసికొనుడి. ఈ పద్ధతిలో ప్రతి చరణము తరువాత పల్లవి తిరిగి వచ్చును. పుస్తకము చదువలేని తల్లి రెండుమారులు వినిన యెడల పల్లవి అందుకొనగలదు. నాయకుడు చరణము పాడును, సంఘము పల్లవి పలుకును. ఒక డోలకు, ఒక జత తాళములు చాలును. అక్షరము రాని సంఘములలో సువార్త హృదయములలో నిలిచినది చాలవరకు ఇట్లే.

వీరు 1890లో ప్రభువునందు నిద్రించిరి. బాప్తిస్మమును గూర్చి, సంఘ పరిపాలనను గూర్చి వాదించుకొను మిషనులన్నియు వీరి పాటలను మాత్రము వాదము లేకుండ పాడుకొనుచున్నవి.

ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల పల్లెలలో కీబోర్డు వచ్చిన తరువాత మేమును పైనున్న రాగతాళములను చూచుట మానితిమి. యంత్రము కొట్టిన వేగమునకు పాట పరుగెత్తుచున్నది. వృద్ధులు సగములో ఆగిపోవుచున్నారు. రాగము పేరు చూచి పాట ఎత్తగలవారు ఒక్కొక్క సంఘములో ఒకరో ఇద్దరో మిగిలియున్నారు. వచ్చు ఆదివారము ఆరాధనకు ముందు వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, కీబోర్డు మూసి, చౌదరి గారి కీర్తన ఒకటి వారిచేత ఎత్తించి, పిల్లలకు నేర్పింప ఉద్దేశించుచున్నాము. తాళములు దొరికినవి, డోలకుకు తోలు వేయించవలెను.