హైలాండ్‌లో దొరకని సీటు

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ సుమారు 1864లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, బానిసగా ఉన్న తల్లికి పుట్టాడు. ఊరి బడిలో నల్లజాతి పిల్లలకు చోటు లేదు. చిన్నతనంలోనే ఎనిమిది మైళ్ల దూరంలోని నియోషోకు వెళ్లి బడిలో చేరాడు. ఆ తర్వాత చదువు కోసం ఊళ్లు మారుతూనే ఉన్నాడు. బదిలీ అయితే మన చేతిలో టి.సి. ఉంటుంది, వెంట అమ్మానాన్నలుంటారు. అతనికి ఆ రెండూ లేవు. వంట చేసి, బట్టలుతికి బతికాడు.

1885లో కాన్సస్ రాష్ట్రంలో హైలాండ్ అనే చిన్న ఊరి కాలేజీకి దరఖాస్తు పంపాడు. సీటు ఇస్తామని ఉత్తరం వచ్చింది. తీరా వెళ్తే, నల్లవాడని చేర్చుకోలేదు! ఇప్పుడది కమ్యూనిటీ కాలేజీగా నడుస్తోంది. ఆ దెబ్బకు అయిదేళ్లు చదువు ఆగింది. మట్టిపెళ్లలతో ఇల్లు కట్టుకుని సేద్యం చేశాడు.

1890లో అయోవా రాష్ట్రంలోని ఇండియానోలాలో సింప్సన్ అనే చిన్న కాలేజీ అతణ్ణి చేర్చుకుంది. ఫీజు కట్టాక మిగిలిన చిల్లరతో మొక్కజొన్న పిండి, కొవ్వు కొని వారం గడిపాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి సంపాదించుకున్నాడు. అక్కడ నేర్చుకున్నది బొమ్మలు గీయడం. అతనికి మొక్కలంటే ఎంత ఇష్టమో చిత్రలేఖనం టీచరు ఎట్టా బడ్ గమనించింది. ఆమె తండ్రి ఏమ్స్‌లోని వ్యవసాయ కాలేజీలో ఆచార్యుడు. ఆమె సలహాతో 1891లో అక్కడికి మారి, 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తిచేశాడు.

అదే ఏడాది అలబామాలోని టస్కేగీ విద్యాసంస్థలో చేరి, 1943లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. పత్తితో సారం పోయిన నేలల్లో వేరుశనగ వేయమని రైతులకు నేర్పాడు. పొలం వదిలి బడికి రాలేనివాళ్ల కోసం 1906లో పనిముట్లు, విత్తనాలు బండికెత్తించి, బడినే పల్లెలకు పంపాడు.