సుంకరి గీసిన అడవి

వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని ఇంటికొచ్చిన కొత్తలో నేను చేసిన మొదటి పని రంగులు కొనుక్కోవడం. రెండు నెలలు తెగ వేశాను. మూడో నెలకి బ్రష్షులు ఎండిపోయాయి, డబ్బాలు బీరువా పైకెక్కాయి. తీరిక లేనప్పుడు ఉన్న సరదా, తీరిక దొరికాక ఎటుపోయిందో! సరిగ్గా అప్పుడే హెన్రీ రూసో కథ చదివాను. తత్వవేత్త రూసో కాదు, ఈయన వేరు.

1844లో ఫ్రాన్సులోని లావాల్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి రేకుపని చేసేవాడు. పారిస్‌లోకి వచ్చే సరుకుల మీద పన్ను వసూలు చేసే గేట్ల దగ్గర రూసోది చిన్న ఉద్యోగం. అందుకే సుంకరి రూసో అన్న పేరు స్థిరపడిపోయింది. ఏ గురువు దగ్గరా కూర్చుని నేర్చుకున్నవాడు కాదు. 1884లో లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలు చూసి వేసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు, అంతే. 1893లో, 49 ఏళ్లకే ఉద్యోగం మానేశాడు. అప్పటికే భార్య పోయింది. పిల్లల్లో చాలామంది పసితనంలోనే పోయారు. వచ్చే పింఛను కాస్తా చాలక వయొలిన్, డ్రాయింగు పాఠాలు చెప్పేవాడు.

మరి అలాంటి మనిషి బ్రష్షు వదలకుండా ఎలా ఉన్నాడు? నాకు తోచింది చెప్తాను. పారిస్‌లో ఏటా ఒక ప్రదర్శన జరిగేది. అందులో బాగుంది, బాగోలేదని ఏరే జడ్జీలు ఉండరు. రుసుము కడితే ఎవరి బొమ్మయినా గోడకెక్కుతుంది. రూసో 1886 నుంచి, మధ్యలో ఒకటి రెండేళ్లు తప్ప, చివరి వరకూ అక్కడికి బొమ్మలు పంపుతూనే ఉన్నాడు. మన సంక్రాంతి ముగ్గుల పోటీలాగే అనుకోండి. తేదీ ముంచుకొస్తుంటే చెయ్యి దానంతటదే కదులుతుంది.

జనం వాటిని చూసి పగలబడి నవ్వేవాళ్లు. పత్రికలైతే సరేసరి. ఆ వెక్కిరింతల కటింగులన్నీ ఈయన ఓ పుస్తకంలో అంటించి దాచుకున్నాడట! నేనైతే చింపి పొయ్యిలో పెట్టేదాన్ని.

ఆయన పేరు నిలబెట్టినవి అడవి బొమ్మలు. పులులు, సింహాలు, మనిషెత్తు ఆకులు. ఫ్రాన్సు దాటి ఎన్నడూ వెళ్లలేదు. పారిస్‌లోని బొటానికల్ గార్డెన్‌లో గాజు గదుల్లో పెంచే మొక్కలు, అక్కడి జంతువులు, ఇవే ఆయన అడవి. 1898లో నిద్రపోతున్న జిప్సీ బొమ్మ కొనుక్కోమని సొంతూరి మేయరుకి రాశాడు. వాళ్లు కొనలేదు. ఇప్పుడది న్యూయార్కు మ్యూజియంలో ఉంది. పోగొట్టుకున్నదెవరంటారు?

ఒంటరిగా కూర్చుని కుమిలిపోయే రకమూ కాదాయన. శిష్యుల్నీ, ఇరుగుపొరుగునీ, చిత్రకారుల్నీ తన గదికి పిలిచి సంగీతం వినిపించేవాడు. పాత సామాన్ల కొట్లో రూసో బొమ్మ కొన్న కుర్ర పికాసో, 1908లో ఆయనకి విందు చేశాడు. అందులో గౌరవమెంతో, ఆటపట్టింపెంతో గాని, పెద్దాయన మాత్రం మురిసిపోయాడు.

1910లో ఆ ప్రదర్శనకే పెద్ద అడవి బొమ్మ పంపాడు. దాదాపు 2 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు. ఆ సెప్టెంబరు 2న కాలి పుండు ముదిరి కన్నుమూశాడు.

మా కాలనీ మహిళా మండలి ఉగాదికి పెట్టే ప్రదర్శనకి ఓ బొమ్మ ఇస్తానని మాటిచ్చేశాను. ఇంకా పదకొండు రోజులుంది. ఆకుపచ్చ రంగు మాత్రం నిన్ననే అయిపోయింది.