బధిర విద్యకు బాట వేసిన బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్

సెప్టెంబరు 23వ తేదీని అంతర్జాతీయ సంకేత భాషల దినోత్సవంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2017లో నిర్ణయించింది. ఈ సందర్భంగా తప్పక స్మరించుకోదగిన మహనీయుడు లారెంట్ క్లెర్క్.

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వంటి ఏజెన్సీ మండలాలలో గూడేలు దూరదూరంగా ఉంటాయి. అక్కడ జన్మించిన బధిర బాలునికి తనవంటి మరొకరు తారసపడుట అరుదు. సాటివారితో కలిసి ఒక భాషలో పెరిగే అవకాశం వసతితో కూడిన పాఠశాలలోనే లభిస్తుంది. క్లెర్క్ బాల్యంలోనూ జరిగినది ఇదే.

ఆయన 1785 డిసెంబరు 26న ఫ్రాన్సులోని లియాన్ నగర సమీపాన ఒక గ్రామంలో జన్మించారు. ఏడాది వయస్సులో నిప్పులలో పడి గాయపడ్డారు. వినికిడి లోపానికి అదే కారణమని కుటుంబం భావించింది. పన్నెండవ ఏట, 1797లో, పారిస్‌లోని ప్రభుత్వ బధిర విద్యాలయంలో చేరేవరకు ఆయనకు చదువు లేదు. అక్కడ మాట పలికించబూనిన ఒక ఉపాధ్యాయుడు గడ్డం క్రింద కొట్టగా నాలుక తెగింది. నాటినుండి ఆయన ఉచ్చారణ అభ్యాసాన్ని విడనాడి, సంకేతాలతోను, వ్రాతతోను విద్యనభ్యసించారు. గురువు జాన్ మస్యూ కూడా బధిరుడే. 1806 నాటికి క్లెర్క్ అదే విద్యాలయంలో సహాయ ఉపాధ్యాయులయ్యారు.

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో డాక్టర్ కాగ్స్‌వెల్ కుమార్తె ఆలిస్ బధిర బాలిక. ఆమె వంటి పిల్లలకు బోధించే పద్ధతి నేర్చుకొనుటకు థామస్ గాలొడెట్ 1815లో ఇంగ్లండు వెళ్లారు. అచ్చటి బధిర పాఠశాలలను నడుపుతున్న కుటుంబం తమ పద్ధతిని కులవృత్తి రహస్యమువలె దాచుకొనగా, పారిస్ విద్యాలయం మాత్రం తలుపులు తెరచింది. 1816లో క్లెర్క్ ఆయనతో అమెరికాకు పయనమయ్యారు. 52 రోజుల ఓడ ప్రయాణంలో ఒకరు సంకేతాలు, మరొకరు ఇంగ్లీషు నేర్చుకున్నారు.

ఆపై ఇరువురూ ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లు మంజూరు చేసింది. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో పాఠశాల ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం క్లెర్క్ వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు మన్రోను, కాంగ్రెస్ సభ్యులను కలుసుకున్నారు. 1819లో కాంగ్రెస్ పాఠశాలకు అలబామాలో సుమారు 23,000 ఎకరాలు కేటాయించింది. నిధులకోసం తిరిగిన ఈ శ్రమ సామాన్యముగా ఎవరి దృష్టికీ రాదు. అది లేనిదే బడి నిలిచేది కాదు.

విద్యార్థులు ఇండ్లనుండి తెచ్చిన సంకేతాలు క్లెర్క్ తెచ్చిన ఫ్రెంచి సంకేతాలతో కలసి అమెరికన్ సంకేత భాష రూపొందింది. ఆయన వద్ద శిక్షణ పొందినవారు ఇతర రాష్ట్రాలలో పాఠశాలలు నడిపారు. మూడేళ్ల ఒప్పందంపై వెళ్లిన ఆయన 1858 వరకు బోధించి, 1869 జూలై 18న హార్ట్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.

1880లో మిలాన్‌లో సమావేశమైన విద్యావేత్తలు బడులనుండి సంకేతాలను బహిష్కరించాలని తీర్మానించారు. వారిలో బధిరులు దాదాపు లేరు. తదుపరి దశాబ్దాలలో అనేకమంది బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. ఆ తీర్మానంపై అంతర్జాతీయ బధిర విద్యా మహాసభ 2010లో వాంకూవర్‌లో విచారం వ్యక్తపరచింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షను సంకేత భాషలో అర్హత గల దివ్యాంగ ఉపాధ్యాయులను సైతం నియమించాలని ప్రభుత్వాలను నిర్దేశిస్తున్నది.