వర్ణవిభజనకర్త లెబ్లోన్

అద్దకము కులవృత్తిగా గల మన సంఘీయులకు, అందును మర్పల్లి, తాండూరు ప్రాంతముల బాంధవులకు, రంగున కొక యచ్చను మాట క్రొత్తది కాదు. మచిలీపట్టణపు కలంకారీలో రేఖ కొక యచ్చు, నింపుటకు వేఱొక యచ్చు. రంగులు పెరిగినకొలది యచ్చులును పెరుగును. ఆ లెక్కను మూడింటికి దించిన మహాశయుని చరిత్రము నిచట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

యాకోబు క్రిస్టోఫ్ లెబ్లోన్ 1667లో జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించెను. చిత్రలేఖన మభ్యసించి, ఆమ్‌స్టర్‌డామున చిన్న చిత్తరువులు వ్రాసి జీవించెను. ఛాయాగ్రహణము పుట్టని యా కాలమున, నితడు చిత్రమందలి నీలము, పసుపు, ఎఱుపులను కంటితోనే విడదీసి, వర్ణమున కొక రాగిరేకును సిద్ధపఱచి, పలుచని రంగుల నొకదానిపై నొకటి యచ్చొత్తెను. ఆ మూడింటి కలయికచే నానావిధములగు ఛాయలు వెలువడెను. 1719లో ఇంగ్లండు రాజు ఈ పద్ధతిపై నితనికి ప్రత్యేకహక్కు నొసగెను. 1727లో నదే సూత్రమును చిత్రపటముల నేతకు వర్తింపజేసి మఱియొక హక్కును బడసెను.

అయినను వ్యయ మధికమై రెండు వ్యాపారములును చెడిపోయెను. పిదప పారిస్ నగరము చేరి, శిష్యులకు విద్య గఱపి, 1741లో నచటనే కాలధర్మము నొందెను.

ధనము నిలువలేదు, విద్య నిలిచినది. నేటి నాలుగు రంగుల ముద్రణము నలుపును జేర్చుకొని యాతని సూత్రముననే నడచుచున్నది. కొయ్యయచ్చు చెక్కు నేర్పుతోపాటు ఈ శాస్త్రమును గూడ మన బాలురు నేర్చిననేగాని వృత్తి నిలువదని మా నమ్మకము. పోషకులగు మహనీయు లందులకు తోడ్పడుదురుగాక యని ప్రార్థించుచున్నాము.