ఊరినే కదిలించిన మనిషి: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

విజయవాడలో ఆంధ్రరత్న భవన్ పేరు వినని పెద్దవాళ్ళు మనలో తక్కువే. ఆ ఆంధ్రరత్న ఎవరని పిల్లలు అడిగితే మాత్రం చాలామందిమి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అన్న పేరు దగ్గరే ఆగిపోతాం. ఆయన ఏం చేశారో చెప్పాలంటే ఒక చిన్న ఊరి మునిసిపాలిటీ గురించి, అది వేసిన పన్నుల గురించి చెప్పాలి. స్వాతంత్ర్య పోరాటం కథల్లో మునిసిపాలిటీ ఏమిటి అనిపించవచ్చు. కానీ ట్రుగనీనాలో ఏడాదికి నాలుగు వాయిదాల్లో కౌన్సిల్ రేట్లు కట్టే మనకు ఈ కథ బాగానే అర్థమవుతుంది. అందుకే ఈ ఏటి సంచికలో ఆయన జీవితాన్ని మన బడి పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ పరిచయం చేస్తున్నాం.

బాల్యం, చదువు

గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. మూడేళ్ళు నిండేసరికి తండ్రి కూడా పోయారు. నాయనమ్మ, బాబాయి పెంచారు. బాపట్లలోనూ గుంటూరులోనూ చదువుకున్నారు. చురుకైనవాడే గానీ బుద్ధిగా పాఠ్యపుస్తకాలకు అతుక్కుపోయే రకం కాదు. ఆటలు, పాటలు, నాటకాలు, పద్యాలు అంటే ప్రాణం. చదువు అయ్యాక కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. అక్కడే ఉండిపోతే ఏ తాసీల్దారుగానో రిటైరయ్యేవారు.

కానీ 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఓడెక్కి స్కాట్లండు వెళ్ళారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా తీసుకున్నారు. పై చదువుకని దేశం దాటి వచ్చిన మన తరానికి ఆ ప్రయాణం కొత్తగా అనిపించదు. ఆ రోజుల్లో అది వారాల తరబడి సాగే సముద్ర ప్రయాణం అన్నదొక్కటే తేడా.

పడమటి దేశం వెళ్ళి ఆయన అక్కడి వేషం తెచ్చుకోలేదు. భారతీయ కళల మీద ప్రపంచానికి కళ్ళు తెరిపించిన ఆనంద కుమారస్వామి గారితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పుస్తకాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చువేశారు. మన పిల్లలు కూచిపూడి క్లాసులో నేర్చుకునే హస్తముద్రలకు ఆధారమైన గ్రంథాల్లో అదొకటి. దాన్ని ఇంగ్లీషు చదివేవాళ్ళ చేతికి అందించినవారిలో ఒకరు మన పెనుగంచిప్రోలు అబ్బాయి.

తిరిగివచ్చాక రాజమండ్రిలో, తర్వాత బందరు జాతీయ కళాశాలలో కొద్దికాలం పాఠాలు చెప్పారు. ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదు. తనకు సరి అనిపించనిదాన్ని సరే అని ఊరుకోవడం ఆయనకు చేతకాదు. చివరికి చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పారు. రామదండు పేరుతో ఒక సేవాదళాన్ని తయారుచేశారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టుతో రామదండు వస్తుంటే ఊళ్ళో పిల్లలంతా వెంటపడేవారట. 1921లో మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశాలు జరిగినప్పుడు, విరగబడి వచ్చిన జనాన్ని అదుపులో పెట్టినవాళ్ళు ఆ రామదండు సభ్యులే.

నాలుగు వేలు నలభై వేలైంది

ఇక అసలు కథ. చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేవి, ఇప్పుడు బాపట్ల జిల్లా. జనంలో ఎక్కువమంది నేతగాళ్ళు, చిన్న వ్యాపారులు, వ్యవసాయదారులు. జనాభా సుమారు 15,000. ఈ ఊళ్ళన్నీ కలిపి ఒక యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీగా మార్చాలని నిర్ణయించింది. మారాక పన్నుల భారం ఏడాదికి సుమారు 40,000 రూపాయలైంది.

మాది లెక్కలు చూసుకునే ఉద్యోగం కాబట్టి ఈ లెక్క వేసి చూశాం. తలకు నాలుగణాల పైచిలుకు ఉన్న పన్ను, తలకు రెండున్నర రూపాయలు దాటింది. అయిదుగురున్న నేతగాడి ఇంటికి ఏడాదికి పదమూడు రూపాయలు. రోజంతా మగ్గం గుంటలో కూర్చుంటే అణాల్లో కూలి వచ్చే కాలం అది.

ఒక్క మాట ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. మునిసిపాలిటీ అంటే చెడ్డదేమీ కాదు. రోడ్లు, దీపాలు, మంచినీళ్ళు, పారిశుధ్యం, అన్నీ దాని పనులే. ఆ కాలంలో మన పెద్దలెందరో మునిసిపాలిటీల్లో చేరి ప్రజాసేవ నేర్చుకున్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్ళకముందే రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా ఎన్నికై పనిచేశారు. చీరాల ప్రజల ఫిర్యాదు వేరు. మాకు ఇది కావాలని మేము అడగలేదు, ఇంత పన్ను మోసే శక్తి మాకు లేదు, మమ్మల్ని అడగకుండా మా నెత్తిన పెట్టారు అన్నదే వాళ్ళ బాధ. అర్జీలు పెట్టారు. ప్రభుత్వం వినలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక చైర్మన్‌ను నియమించి పని నడిపించింది. పేరుకు స్థానిక స్వపరిపాలన. ఎన్నికైన మనిషి ఒక్కరూ లేని సభ అది.

ఆ దశలో ఊరికి నాయకుడై నిలబడ్డారు గోపాలకృష్ణయ్య గారు. ప్రజలు పన్ను కట్టడం మానేశారు. కొందరిని జైలుకు పంపారు. వాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ కూడా ఉన్నారు. ఆడవాళ్ళు జైలుకు వెళ్ళడం అప్పటికి కనీవినీ ఎరుగని విషయం. ఊరి పౌరుషం ఇంకా పెరిగింది.

ఊరు లేచిపోయింది

బెజవాడ సమావేశాలు అయ్యాక 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. ప్రజల ముందు రెండు దారులు పెట్టారు. శాంతంగా ఉంటూ పన్ను కట్టకుండా, వచ్చే కష్టాలన్నీ భరించడం ఒకటి. ఊరు వదిలి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది. ఊరే ఖాళీ అయితే మునిసిపాలిటీ ఎవరి మీద? ఏ దారి పట్టినా కాంగ్రెసు నుంచి డబ్బు సాయం ఆశించవద్దని కూడా ముందే చెప్పారు.

గోపాలకృష్ణయ్య గారూ, చీరాల ప్రజలూ రెండో దారి పట్టారు. 15,000 మందిలో 13,000 మందికి పైగా ఇళ్ళు వదిలి కదిలారు. ఎండలు మండిపోతున్న రోజులు. పిల్లలు, ముసలివాళ్ళు, గొడ్డూ గోదా, వంట సామాను, మగ్గం సామాను, అన్నీ మూటగట్టుకుని హద్దు దాటారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. తాళాలు వేసిన ఇళ్ళతో చీరాల బోసిపోయింది.

రామనగరం గుడారాల గుంపులా ఉండిపోలేదు. అన్ని కులాల ప్రతినిధులూ కూర్చుని మాట్లాడుకునే సభ పెట్టుకున్నారు. తగాదాలు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. రామదండు కాపలా కాసింది. తమను అడగకుండా పెట్టిన సభను కాదని వచ్చినవాళ్ళు, వచ్చిన చోట తమదైన సభను తామే కట్టుకున్నారు. వాళ్ళు వద్దన్నది పరిపాలనను కాదు, తమ మాటకు చోటు లేని పరిపాలనను. మాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచినది ఇదే.

అలా సుమారు పదకొండు నెలలు గడిపారు. ఎండలు పోయి వానలు వచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది. పనులు దెబ్బతిన్నాయి. చేతిలో డబ్బు అయిపోయింది. విరాళాల కోసం గోపాలకృష్ణయ్య గారు ఊరూరా తిరిగారు. ఆ తిరుగుడులోనే 1921లో బరంపురం వెళ్ళినప్పుడు అక్కడ మాట్లాడకూడదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఆయన లెక్కచేయలేదు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు.

నాయకుడు జైల్లో, చేతిలో పైసా లేదు, నెత్తిన సరైన నీడ లేదు. 1922లో ప్రజలు ఒక్కొక్కరే తిరిగి ఇళ్ళకు చేరారు. మునిసిపాలిటీ అలాగే ఉంది. పన్నులూ ఉన్నాయి.

గెలిచారా, ఓడారా?

పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. దాటవేయకుండా జవాబు చెప్పాలి. ఆ రోజు లెక్క ప్రకారం ఓడారు. పేదవాళ్ళు ఏడాది సంపాదన పోగొట్టుకున్నారు. అంత కష్టం జనం చేత పెట్టించడం న్యాయమేనా అని ఎవరైనా అడిగితే అది అడగదగిన ప్రశ్నే. గోపాలకృష్ణయ్య గారు తాను మాత్రం సుఖంగా ఉండి జనాన్ని కష్టపెట్టలేదు. ఉన్నదంతా ఖర్చుపెట్టుకున్నారు. జైలు నుంచి వచ్చాక కూడా దేశం పనిలోనే ఉన్నారు. పేదరికంలో క్షయవ్యాధి పట్టుకుంది. 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఈ సంచిక చదువుతున్న అమ్మానాన్నల్లో చాలామంది ఆ వయసు దాటే ఉంటారు.

అయినా చీరాల పేరాల పోరాటం పేరు దేశమంతా తెలిసింది. సామాన్యులైన నేతగాళ్ళు, వ్యాపారులు కలిసి చెయ్యి ఎత్తకుండా ఒక ప్రభుత్వానికి ఎదురు నిలవగలరని రుజువైంది. ఒక ఊరికి ఏం కావాలో ఆ ఊరిని అడగాలి అన్న మాట తెలుగునాట అంత గట్టిగా చెప్పినవాళ్ళు అరుదు.

మన వీధికి ఈ కథ

ఇప్పుడు మన సంగతి. ట్రుగనీనాలో కొంత భాగం విండమ్ కౌన్సిల్ కింద, కొంత మెల్టన్ కౌన్సిల్ కింద ఉంది. చెత్తబుట్టలు ఖాళీ చేయడం, పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సులు, కిండర్‌గార్టెన్లు, గ్రంథాలయాలు, పార్కులు, వీధి రోడ్లు, ఎక్కడ ఏం కట్టుకోవచ్చో చెప్పే అనుమతులు, అన్నీ కౌన్సిల్ చేతిలోవే. కాన్‌బెర్రాలో ఎవరు ప్రధాని అయ్యారన్నది మనం రాత్రంతా చర్చించుకుంటాం. ఇంటి ముందు రోడ్డు ఎవరి చేతిలో ఉందో, మన వార్డు కౌన్సిలరు పేరేమిటో అడిగితే తడుముకుంటాం.

చీరాలవాళ్ళకు లేనివి మనకు చాలా ఉన్నాయి. వాళ్ళ పన్ను ఒక్కసారిగా పదింతలైంది. ఇక్కడ కౌన్సిల్ రేట్లు సగటున ఏడాదికి ఎంతకు మించి పెరగకూడదో విక్టోరియా ప్రభుత్వం 2016 నుంచి ఏటా పరిమితి పెడుతోంది. అప్పట్లో మునిసిపాలిటీ ఎన్నికల్లో పన్ను కట్టే స్తోమతు ఉన్న కొద్దిమందికే ఓటు. ఇక్కడ రాష్ట్ర ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి పౌరుడికీ కౌన్సిల్ ఓటు దానంతట అదే వస్తుంది, వెయ్యడం తప్పనిసరి కూడా. పౌరసత్వం ఇంకా రానివాళ్ళు కూడా ఇల్లు కొని రేట్లు కడుతుంటే, దరఖాస్తు పెట్టుకుని ఆ జాబితాలో చేరే వీలుంది. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

2024 అక్టోబరులో జరిగిన కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు పత్రాలు పోస్టులో ఇంటికే వచ్చాయి. నింపి, కవరులో పెట్టి, పోస్టుడబ్బాలో వేస్తే చాలు. మళ్ళీ 2028 అక్టోబరులో ఎన్నికలు. తమను అడగలేదన్న బాధతో చీరాలవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి పదకొండు నెలలు పాకల్లో ఉన్నారు. మనల్ని అడుగుతూ కవరు ఇంటికి వస్తే, సూపర్‌మార్కెట్ల కాగితాలతో పాటు చెత్తబుట్టలో పడకుండా చూసుకోవడం మన వంతు. జరిమానా పడుతుందన్న భయంతో మొదటి పేరుకు ఒకటి అని రాసి పంపడం కాదు. ఎవరు నిలబడ్డారో, మన వీధికి ఏం చేస్తామంటున్నారో చదివి వెయ్యాలి. మనలోంచి నిలబడగలిగినవాళ్ళుంటే, ఏ పక్షమైనా సరే, ముందుకు రావాలి.

పిల్లలూ, ఈ సెలవుల్లో మీకొక పని. మీ వార్డు పేరేమిటో, మీ కౌన్సిలరు ఎవరో కనుక్కోండి. మీ వీధికి కావలసినది ఒకటి ఆలోచించి ఆయనకో ఆవిడకో ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయండి. అదే ఉత్తరం తెలుగులో రాసి బడికి తీసుకురండి, అందరం కలిసి చదువుకుందాం. గోపాలకృష్ణయ్య గారి పేరు గుర్తుంచుకోవడానికి మాకు ఇంతకన్నా మంచి పద్ధతి తోచలేదు.