మీ ఫోన్‌లోని దరఖాస్తు మీకు అర్థమవుతోందా? గిడుగు రామమూర్తి కథ చదవండి

వాట్సాప్‌లో ‘మన మిత్ర’ వాడే ఉంటారు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది. ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, నిజమే. కానీ ఏదైనా ఆన్‌లైన్ దరఖాస్తును మీ నాయనమ్మ చేతికి ఇచ్చి చూడండి. ‘ధ్రువీకరణ’, ‘మ్యుటేషన్’ లాంటి మాటల దగ్గరే ఆగిపోతారు. సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా పని ముందుకు సాగదు.

ఈ చిక్కును మన శ్రీకాకుళం మనిషి ఒకరు వందేళ్ల కిందటే పట్టుకున్నారు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు, గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి టీచరుగా చేరారు.

వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీకు తెలిసిందే. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు దండ వేసి, ఎవరికీ అర్థం కాని తెలుగులో ప్రసంగాలు చేస్తాం. అది వేరే సంగతి.

సవరల కోసం ఆయన చేసిన పని గురించి తక్కువ మందికి తెలుసు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలనుకున్నారు. నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆ కొండల్లో తిరిగి జ్వరం పడ్డారు. వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారు! ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో, సవర–ఇంగ్లిష్ నిఘంటువును 1938లో అదే ప్రభుత్వం అచ్చు వేసింది.

1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఒప్పుకోలేక ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

సవరలు ఎక్కువగా ఉండే సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఓటీపీ అంటే ఏమిటో, అది ఎవరికీ ఎందుకు చెప్పకూడదో అక్కడి అవ్వకు ఆమె భాషలోనే చెప్పాలి. ఇక మీ విషయానికొస్తే, దరఖాస్తులో ఏ మాటైనా అర్థం కాకపోతే ఊహించి నింపకండి. మీ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను అడగండి. వాడుక మాటలో చెప్పమనండి, మొహమాటం అక్కర్లేదు.